తవుడు గేదెకు, తెల్లన్నం మనకు

అరికాళ్ళు మండుతున్నాయి, పిక్కలు లాగుతున్నాయి, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తున్నది, నోటి మూలలు చిట్లి కారం తగలనివ్వడం లేదు — తగరపువలసలోని నా వైద్యశాలకు వచ్చేవారిలో అనేకులు చెప్పే బాధలివి. వీరిలో చాలామంది అప్పటికే మందుల దుకాణంలో 'బి కాంప్లెక్స్' గుళికలు కొని వాడుతూనే ఉంటారు. కొందరు బలానికి సూది వేయమని అడుగుతారు. నేను మాత్రం నాడి చూసిన తరువాత మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "మీ ఇంట్లో అన్నం ఎలా వండుతారు?"

ఈ ప్రశ్న విని నవ్వేవారున్నారు. అన్నం వండడంలో ఏముంది? బియ్యం నాలుగుసార్లు తెల్లగా కడుగుతాము, ఎసరు పెడతాము, ఉడికిన తరువాత గంజి వార్చుతాము అంటారు. సరిగ్గా అక్కడే ఉన్నది విషయమంతా. వరిగింజపై పొరలో ప్రకృతి పెట్టిన సారాన్ని మరలో తవుడుగా తీసివేసి గేదెకు పెడుతున్నాము. మిగిలిన దానిలో కొంత కడుగు నీళ్ళతో కుడితి తొట్టిలోకి పోతున్నది. ఇంకొంత గంజితో పారబోస్తున్నాము. ఆ తరువాత అదే సారాన్ని గుళికల రూపంలో డబ్బు పెట్టి కొంటున్నాము. చేతిలో వెన్న పెట్టుకొని నేతికోసం ఊరంతా తిరగడమంటే ఇదే.

బి విటమినులంటే ఏమిటి?

'బి' అన్నది ఒక్క పదార్థం పేరు కాదు. ఇది ఎనిమిది విటమినుల కుటుంబం. బి1 థయమిన్, బి2 రైబోఫ్లేవిన్, బి3 నియాసిన్, బి5 పాంటోథినిక్ ఆమ్లం, బి6 పిరిడాక్సిన్, బి7 బయోటిన్, బి9 ఫోలిక్ ఆమ్లం, ఆ తరువాత బి12. మధ్యలో లేని అంకెల సంగతి కొందరు అడుగుతూ ఉంటారు. మొదట విటమినులుగా భావించి అంకెలు ఇచ్చిన కొన్ని పదార్థాలు తరువాత విటమినులు కావని తేలినందున ఆ అంకెలు జాబితా నుండి తొలగిపోయాయి.

మన శాస్త్రంలో ఈ పేర్లు లేవు. ఉన్నాయని చెప్పడం సత్యం కాదు. అయితే జఠరాగ్ని అన్నాన్ని పచనం చేయగా, ధాత్వగ్నులు ఆ అన్నసారాన్ని రసం, రక్తం, మాంసం మొదలైన ధాతువులుగా మార్చుతాయని గురుకులంలో మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పారు. గృహిణులకు సులభంగా అర్థం కావడానికి ఆ పోలిక తీసుకుంటాను. పొయ్యిలో కట్టెలు ఎన్ని పేర్చినా నిప్పు అంటకపోతే వంట కాదు. అన్నం కట్టెల వంటిది, బి విటమినులు ఆ కట్టెలను మండించే నిప్పు వంటివి. ఇవి స్వయంగా బలాన్ని ఇవ్వవు. తిన్న అన్నాన్ని బలంగా మార్చడానికి తోడ్పడతాయి. అందువల్లనే అన్నం ఎంత ఎక్కువగా తింటే బి1 అవసరం అంత పెరుగుతుంది. కడుపు నిండా తెల్లన్నం తినే మనిషి నీరసపడడంలోని రహస్యం ఇదే.

ఈ కుటుంబానికి రెండు లక్షణాలున్నాయి. ఒకటి, ఇవి నీటిలో కరుగుతాయి. కనుక కడిగితే పోతాయి, వార్చితే పోతాయి. రెండవది, బి12ను మినహాయిస్తే శరీరం వీటిని ఎక్కువకాలం దాచుకోలేదు. బి1 నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. పండుగనాడు పాయసం తిని సంవత్సరమంతా గడుపుకోవడం కుదరనట్లే, ఈ విటమినులను ఒకనాడు తిని నెలంతా నిశ్చింతగా ఉండడం కుదరదు. రోజువారీ వంటే రోజువారీ ఔషధం.

మన తీరం ఒకసారి చెల్లించిన మూల్యం

ఇది పుస్తకాలలో చదివి వదిలేసే విషయం కాదు. బి1 లోపం వలన కలిగే బెరిబెరి వ్యాధి చరిత్రలో మన ఉత్తర సర్కారు జిల్లాలకు పెద్ద స్థానమే ఉన్నది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జాన్ గ్రాంట్ మాల్కంసన్ ఈ వ్యాధిని గురించి వ్రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. మన సముద్రతీరంలోని దండులలో సిపాయిలు కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె ఆగి మరణించడం ఆనాటి వైద్యులను కలవరపెట్టింది. కారణం ఎవరికీ తెలియదు. గాలి అని, చెమ్మ అని, నేల గుణమని రకరకాలుగా తలచారు.

రహస్యం మొదట జావా ద్వీపంలో బయటపడింది. 1890 ప్రాంతాలలో అక్కడి డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యపు అన్నం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం, పై పొర ఉన్న బియ్యం పెట్టగానే అవి లేచి తిరగడం గమనించాడు. ఆ కృషికి 1929లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం లభించింది. తవుడులోని ఆ పదార్థాన్ని 1926లో జావాలోనే వేరు చేశారు. దాని నిర్మాణాన్ని తేల్చి, 1936లో కృత్రిమంగా తయారు చేసిన రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విలియమ్స్. ఈయన అమెరికావాడే కాని, పుట్టినది మన నెల్లూరులో, 1886లో. తల్లిదండ్రులు బాప్టిస్టు మిషనరీలు. ఈయన తమ్ముడు రోజర్ విలియమ్స్ ఊటీలో జన్మించాడు; పాంటోథినిక్ ఆమ్లాన్ని కనుగొన్నది ఆయనే. ఫోలిక్ ఆమ్లానికి ఆ పేరు పెట్టినవారిలోనూ ఆయన ఒకడు.

మన జిల్లాలలో దీనిని నిశితంగా పరిశోధించినవారు కూనూరులోని పోషకాహార పరిశోధనాలయం వారు. రాబర్ట్ మెకారిసన్, నోరిస్ 1924లోను, ఆయ్‌క్రాయిడ్ బృందం 1940లోను ప్రకటించిన విషయాలు మనవారు తెలుసుకోదగినవి. బెరిబెరి కనబడినది పచ్చి వడ్లను మరలో తెల్లగా ఆడించి తినే సర్కారు జిల్లాలలో. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టిన తరువాత ఆడించే ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో ఆ వ్యాధి లేదు. వడ్లను ఉడికించినప్పుడు పై పొరలోని విటమిను గింజ లోపలికి ఇంకిపోతుంది. తరువాత మర పట్టినా చాలావరకు నిలుస్తుంది. అంతే భేదం.

ఇంతకంటె హృదయవిదారకమైన విషయాన్ని ఆయ్‌క్రాయిడ్, కృష్ణన్ 1941లో బయటపెట్టారు. బెరిబెరి ఉన్న మండలాలలో రెండు నెలల నుండి అయిదు నెలల మధ్య వయసు పసిబిడ్డలు ఇతర ప్రాంతాలలో కంటె ఎక్కువగా మరణిస్తున్నారని వారు గమనించారు. తల్లికి బి1 లేకపోతే తల్లిపాలలోనూ ఉండదు. తల్లి తిరుగుతూనే ఉంటుంది, బిడ్డ పోతుంది. ఆనాడు ఎన్ని ఇళ్ళలో ఆ మరణానికి 'గాలి సోకింది', 'దిష్టి తగిలింది' అని పేరు పెట్టి ఉంటారో ఊహించుకోండి.

ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి పొందింది.

లెక్క చూడండి

ఆ సంస్థ వారి పట్టికల ప్రకారం నూరు గ్రాముల దంపుడు బియ్యంలో థయమిన్ 0.21 మిల్లీగ్రాములు; మరలో తెల్లగా ఆడించిన బియ్యంలో 0.06 మాత్రమే, ఉప్పుడు బియ్యాన్ని మర పట్టినా 0.21. నియాసిన్ దంపుడు బియ్యంలో 3.9 మిల్లీగ్రాములు, తెల్ల బియ్యంలో 1.9. మరి తవుడులో? థయమిన్ 2.7, నియాసిన్ దాదాపు 30 మిల్లీగ్రాములు. గేదె ఎందుకు బలంగా ఉన్నదో తెలిసినదా?

ఒక మనిషి రోజుకు నాలుగు వందల గ్రాముల తెల్ల బియ్యం వండుకొని తింటే, అందులో థయమిన్ 0.24 మిల్లీగ్రాములు. నాలుగు నీళ్ళు పోసి రుద్ది కడిగితే అందులో సగానికి దగ్గరగా పోవచ్చు. గంజి వార్చితే మరికొంత. మనిషికి కావలసినదో, రోజుకు ఒకటి నుండి ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు. అదే దంపుడు బియ్యమైతే 0.84 మిల్లీగ్రాములు బియ్యంతోనే వస్తాయి. మిగిలినది పప్పు, కూరలు పూడ్చుతాయి.

నేడు బెరిబెరితో కాళ్ళు పడిపోయినవారు మునుపటివలె కనబడరు. పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్లు ఎక్కువ ఇళ్ళకు అందడం దీనికి కారణం. అంటే తెల్లన్నం దోషం పోలేదు. పక్కన ఉన్న పప్పు దానిని కప్పిపుచ్చుతున్నది. పప్పు తొలగిన నాడు దోషం మళ్ళీ బయటపడుతుంది. మన ఇళ్ళలో పప్పు తొలగే సందర్భం ఒకటున్నది.

బాలింత కంచం

బాలింతకు నలభై రోజులపాటు పథ్యం పేరుతో మన ప్రాంతంలో కొన్ని ఇళ్ళలో పెట్టే భోజనం చూడండి. పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, శొంఠిపొడి, కాస్త నెయ్యి. పప్పు వాతం చేస్తుందని వద్దు. ఆకుకూర బిడ్డకు విరేచనాలని వద్దు. పెరుగు జలుబని వద్దు. గుడ్డు, చేప అసలే వద్దు. దాహానికి నీళ్ళు కూడా కొలిచి ఇచ్చేవారున్నారు. మిగిలినదేమిటి? కడిగి వార్చిన తెల్లన్నం. సరిగ్గా 1941 నాటి తల్లుల కంచమే ఇది.

కొన్నేళ్ళ క్రితం ఆనందపురం వైపు నుండి ఒక అమ్మమ్మగారు రెండు నెలల మనుమరాలిని నా వద్దకు తెచ్చారు. బిడ్డ రెండు రోజులుగా పాలు కుడవడం లేదు, వాంతులు, ఆయాసం. ఏడుస్తున్నది కాని గొంతు బొంగురుపోయి శబ్దం రావడం లేదు. చేతులు, కాళ్ళు చల్లబడ్డాయి. తల్లి ఏమి తింటున్నదని అడిగాను. "కారమన్నమే బాబూ, పథ్యం తప్పనివ్వలేదు" అన్నారావిడ, ఎంతో జాగ్రత్తగా చూసుకున్నామన్న తృప్తితో. నేను ఏ మందూ ఇవ్వలేదు. ఆటోలో కూర్చోబెట్టి విశాఖలోని పెద్దాసుపత్రికి పంపుతూ, తల్లి ఆహారం సంగతి కాగితంమీద వ్రాసి ఇచ్చాను. అక్కడి వైద్యులు ఇతర చికిత్సతోపాటు థయమిన్ సూది కూడా వేశారు. మరునాటికి బిడ్డ పాలు పట్టింది. వారం తరువాత ఆ అమ్మమ్మగారే వచ్చి, "ఇంత చిన్న సూదిలో ఏముంది బాబూ?" అని అడిగారు. "మీరు కోడలమ్మ చేత పారబోయించిన గంజిలో ఉన్నదే అమ్మా" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఇది ఒక్క మన ఊరి సంగతి కాదు. ఇటీవలి సంవత్సరాలలో కర్ణాటకలోనూ కాశ్మీరంలోనూ వైద్యులు పసిబిడ్డలలో ఇటువంటి స్థితిని గుర్తించి, తల్లుల కఠినపథ్యానికీ తెల్లన్నానికీ దీనితో సంబంధమున్నదని ప్రకటించారు.

ఒక వైద్యుడిగా, అందులోనూ సంప్రదాయ వైద్యుడిగా, ఇక్కడ స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత నాకున్నది. ఈ కఠినపథ్యం ఆయుర్వేదం కాదు. సుశ్రుతుడు సూతికకు మొదట స్నేహపానం, యవాగువు చెప్పి, తరువాత యవలు, రేగుపండ్లు, ఉలవలతో కాచిన యూషము, జాంగల మాంసరసము, శాలి అన్నము బలాన్నీ అగ్నినీ అనుసరించి ఇమ్మన్నాడు. ఉలవలు పప్పుధాన్యమే కదా! లంఖణం పరమౌషధమన్న మాట జ్వరంలో, అజీర్ణంలో చెల్లుతుంది. పాలిచ్చే తల్లికి చెల్లదు. ఆమె ఇద్దరికి వండుతున్న పొయ్యి.

బాలింతకు మొదటి మూడు నాలుగు రోజులు తేలికైన జావ, నేతితో మెత్తని అన్నం ఇవ్వండి. ఆకలి కుదిరిన తరువాత పెసరకట్టు, ఉలవకట్టు, మెత్తగా ఉడికిన పెసరపప్పు, మునగాకు, తోటకూర, పాలు, మజ్జిగ ప్రారంభించండి. మాంసాహారులైతే గుడ్డు, చిన్న చేపల పులుసు ఇవ్వవచ్చు. శొంఠి, వెల్లుల్లి, వాము మానవలసిన పని లేదు. అవి పప్పుకు తోడుగా ఉండాలి కాని పప్పు స్థానంలో కాదు.

ఆరు నెలల లోపు బిడ్డ పాలు మానినా, ఏడుపు బొంగురుపోయినా, ఎగశ్వాస పట్టినా, మగతగా ఉన్నా ఇంటివైద్యం చేయకండి. అరగంట కూడా ఆగక ఆసుపత్రికి తీసుకొనిపోండి. తల్లి ఏమి తింటున్నదో వైద్యునికి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట వారికి దారి చూపగలదు.

జొన్నల సీమ, మన సుబ్బారావుగారు

బి3 లోపానికి పెల్లాగ్రా అని పేరు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు కట్టడం, విరేచనాలు, మతి తప్పడం దీని లక్షణాలు. తెలంగాణలోనూ దక్కను పీఠభూమిలోనూ జొన్నలే ప్రధానాహారమైన పేదలలో ఇది కనిపించేది. జొన్నలో లూసిన్ అనే పదార్థం అధికంగా ఉండడం ఇందుకు ఒక కారణమని హైదరాబాదులో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించారు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. ఏ ధాన్యమైనా ఒంటరిగా తినకూడదనీ, పప్పుతో, పాలతో కలిపి తినాలనీ అర్థం.

బి9, అంటే ఫోలిక్ ఆమ్లం చరిత్రలో మన భీమవరంవారైన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చిరస్థాయిగా ఉన్నది. 1895లో జన్మించిన ఆయన యౌవనంలో, మన సంగ్రహణిని పోలిన స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని రోజుల వ్యవధిలో పొట్టన పెట్టుకున్నది. ఆయనకూ అది సోకగా, ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకున్నారు. తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, అమెరికా చేరారు. లెడర్లీ పరిశోధనాలయంలో ఆయన నాయకత్వం వహించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ చికిత్సలో తరువాత ఉపకరించిన మందు అదే. తన ఇంటిని కాల్చిన నిప్పును ఆర్పే నీటిని ఆయన లోకానికంతటికీ తోడి ఇచ్చారు.

ఈ ఫోలిక్ ఆమ్లం పప్పులలో, ఆకుకూరలలో లభిస్తుంది. రక్తం తయారు కావడానికీ, గర్భస్థ శిశువు వెన్నెముక, మెదడు సరిగా ఏర్పడడానికీ ఇది అవసరం. శిశువు వెన్నెముక గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల లోపే మూసుకోవాలి; అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. కనుక బిడ్డను కోరుకునే స్త్రీ ముందునుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి. ముందు కాన్పులో వెన్నెముక లోపమున్న బిడ్డ కలిగి ఉంటే మోతాదు వేరు, వైద్యుని అడగాలి. ఇక్కడ తోటకూరతో సరిపెట్టుకోమని నేను చెప్పను. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలను మలం నల్లగా వస్తున్నదని పారవేయకండి.

పెరటి చెట్టుకు సాధ్యం కానిది

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. నా జీవితమంతా ఆ సామెతను తప్పని నిరూపించడానికే వినియోగించాను. అయినా బి12 విషయంలో పెరటి చెట్టుకు సాధ్యం కాదని ఒప్పుకొనక తప్పదు.

బి12ను ఏ మొక్కా తయారు చేయదు. సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి. పశువుల కడుపులోని సూక్ష్మజీవుల ద్వారా పాలకు, మాంసానికి చేరుతుంది. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం దీనికి ఆధారాలు. మునగాకులో, నువ్వులలో, మొలకలలో ఉన్నదని చెప్పేవారి మాట నమ్మకండి. చద్దన్నాన్నీ, స్పిరులినా పొడినీ కూడా దీనికి ఆధారంగా పెట్టుకోకండి. మనిషికి కావలసినది రోజుకు రెండు, రెండున్నర మైక్రోగ్రాములే; కాలేయం దీనిని సంవత్సరాల తరబడి నిల్వ ఉంచుకుంటుంది. అందుకే లోపం మెల్లగా, దొంగవలె వస్తుంది.

ఎవరు జాగ్రత్తపడాలి? శాకాహారులు, అందులోనూ పాలు తగ్గించినవారు, అరవై దాటినవారు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతున్నవారు, కడుపులో ఆమ్లం తగ్గే మాత్రలు దీర్ఘకాలం మింగుతున్నవారు, జీర్ణాశయానికి శస్త్రచికిత్స అయినవారు. అరికాళ్ళు తిమ్మిరెక్కడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, చీకటిలో నడిస్తే తూలడం, నాలుక నున్నబడడం, మతిమరుపు దీని గుర్తులు. మన వైద్యులు వీటిని వాతవ్యాధిగా భావించి తైలాభ్యంగనం చేస్తూ కూర్చుంటే నెలలు గడచిపోతాయి. నరాలు శాశ్వతంగా దెబ్బతింటాయి. నా వద్దకు ఈ లక్షణాలతో వచ్చినవారిని మొదట రక్తపరీక్షకు పంపుతాను. లోపం తేలితే మాత్రలో, సూదులో అల్లోపతీ వైద్యుని సలహాతో వాడవలసిందే. మర్దన దానికి తోడు మాత్రమే.

ఒక హెచ్చరిక. బి12 లోపం ఉన్నవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తహీనత తగ్గినట్లు కనబడుతుంది కాని లోపల నరాల నష్టం సాగుతూనే ఉంటుంది. కనుక పాండురోగానికి సొంత వైద్యం పనికిరాదు.

రేషను బియ్యంలో 'ప్లాస్టిక్ బియ్యం' కలుపుతున్నారని కొందరు ఆ గింజలను ఏరి పారవేయడం చూశాను. అవి ప్లాస్టిక్ కావు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యపు పిండితో చేసిన గింజలు. వాటిని ఏరవద్దు. అయితే వాటిలో బి1 తప్పనిసరిగా చేర్చవలసినది కాదు. కనుక కింది నియమాలు రేషను బియ్యానికీ వర్తిస్తాయి.

వంటింట్లో పాటించవలసినవి

1. దంపుడు బియ్యం, ఒక పట్టు బియ్యం, ఉప్పుడు బియ్యం — వీటిలో ఏదైనా వాడండి. ఒక్కసారిగా అలవాటు కాకపోతే మొదట తెల్ల బియ్యంలో నాలుగవ వంతు కలపండి. దంపుడు బియ్యాన్ని గంటసేపు నానబెట్టి, గ్లాసుకు మూడు గ్లాసుల నీటితో వండండి. పై పొరలో నూనె ఉండడం వలన త్వరగా ముక్కవాసన వస్తుంది. నెలకు మించి నిల్వ చేయకండి.

2. బియ్యంలో రాళ్ళు, మట్టి ఏరి, ఒకసారి తేలికగా కడిగితే చాలు. రుద్దకండి.

3. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి. వార్చక తప్పకపోతే ఆ గంజిలో ఉప్పు, మజ్జిగ, కరివేపాకు వేసి ఇంటిల్లిపాదీ త్రాగండి, లేదా పప్పుచారులో పోయండి.

4. మన పెద్దల తరవాణి కుండ మరువవద్దు. శుభ్రమైన మట్టికుండలో చల్లారిన గంజి, గుప్పెడు అన్నం వేసి మూత పెట్టి రాత్రంతా పులియనిచ్చి, ఉదయం ఉప్పు, ఉల్లిపాయతో త్రాగండి. కుండను రోజూ మరిగిన నీటితో కడగండి. బూజు పట్టినా, దుర్వాసన వచ్చినా పారబోయండి.

5. చోడి అంబలి: రెండు పెద్ద చెంచాల చోడి పిండిని గ్లాసు నీటిలో కలిపి రాత్రంతా ఉంచి, ఉదయం మరొక గ్లాసు నీటితో కాచి, చల్లారిన తరువాత మజ్జిగ కలపండి. నూరు గ్రాముల చోళ్ళలో థయమిన్ 0.42 మిల్లీగ్రాములు, తెల్ల బియ్యానికి ఏడు రెట్లు. మధుమేహులు దీనిని అన్నానికి అదనంగా కాక, అన్నం తగ్గించి త్రాగాలి.

6. రోజూ ఒక పూట పెసలు, ఉలవలు, కందిపప్పులలో ఏదో ఒకటి ఉండాలి. పప్పు త్వరగా ఉడుకుతుందని వంటసోడా వేయకండి; అది బి1ను నాశనం చేస్తుంది. ఉలవలు ఉడికించిన నీటిని చారు కాచండి.

7. గుప్పెడు వేరుశనగలు పిల్లలకు పెట్టండి. నియాసిన్ నూరు గ్రాములకు దాదాపు 20 మిల్లీగ్రాములు ఇందులో ఉన్నది.

8. ఆకుకూరలను కోయక ముందే కడగండి. మూతపెట్టి, తక్కువ నీటితో, తక్కువసేపు వండండి.

9. పాలను ఎండలో ఉంచకండి. వెలుతురుకు బి2 నశిస్తుంది. నోటి మూలలు చిట్లేవారికి పాలు, పెరుగు, గుడ్డు, ఆకుకూరలు మేలు చేస్తాయి.

10. భోజనం వెంటనే టీ, వక్క వద్దు. ఇవి బి1కు శత్రువులు. సారా అలవాటున్నవారికి ఈ విటమిను ఒంట పట్టదు. వారు తూలడం, మతి తప్పడం ప్రతిసారీ మత్తువలన కాకపోవచ్చు. వెంటనే ఆసుపత్రిలో చూపించాలి.

గుళికల గురించి ఒక్క మాట. అవి వాడినప్పుడు మూత్రం పచ్చగా రావడం బి2 వలన, భయపడనక్కరలేదు. కాని బి6ను పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే నరాలకే హాని. క్షయకు ఐసోనియాజిడ్ వాడేవారికి బి6 వైద్యులే ఇస్తారు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పులు, దంపుడు బియ్యం పెంచేముందు తమ వైద్యుని సంప్రదించాలి.

ఈ వ్యాసం చదివిన గృహిణులను నేను కోరేది పెద్ద పని కాదు. మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఈ నెలలో బాలింత ఉంటే, ఒకసారి ఆమె కంచం వైపు చూడండి. అందులో పప్పు కనబడకపోతే ఒక గిన్నెడు పెసరకట్టు చేసి పట్టుకొని వెళ్ళండి. పెద్దవారు వద్దంటే, సంప్రదాయ వైద్యుడే చెప్పాడని చెప్పండి.